కోరం

గుంటూరు బ్రాడీపేటలో ఏళ్ల తరబడి సహకార సంఘాల లెక్కలు చూస్తున్నాను కనుక, కొమ్మమూరు కాలువ గట్టున ఉన్న ఒక యానాదుల చేపల సంఘం పుస్తకాలు సరిచేయమన్నప్పుడు నాలుగు రోజుల పనే అనుకున్నాను. సర్వసభ్య సమావేశాన్ని ఉదయం పదకొండింటికి పెట్టించాను. ముగ్గురే వచ్చారు; సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు, అంటే కోరం, లేదు. "ఆ యేళకి అందరం నీళ్లలో ఉంటాం సారూ, దీపాలెట్టాక రండి" అన్నారు అధ్యక్షురాలు, నవ్వుతూనే.

రెండోసారి సెల్‌ఫోన్ వెలుతురులో కూర్చున్నాం. వలల కోసం ఎవరెవరు ఎంత తీసుకున్నారో, ఎంత తీర్చారో ఒక ముసలమ్మ వేళ్లు మడుస్తూ వరసగా చెప్పుకుపోయింది. నా పుస్తకంతో పోల్చితే ఒక్క పద్దు తేడా వచ్చింది, పొరపాటు నాదే. ఆ తర్వాతే స్టాంపు ప్యాడ్ చేతులు మారి, తీర్మానం కింద వేలిముద్రలు పడ్డాయి.

పంచాయతీ వ్యవస్థను గిరిజన ప్రాంతాలకు విస్తరించడానికి 1996లో వచ్చిన పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాలు రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ప్రకటించిన ప్రాంతాలకే పరిమితం. యానాదులు షెడ్యూల్డు తెగే అయినా మైదానంలో ఉన్నందువల్ల ఆ రక్షణ వీరికి దక్కదు. అందుకే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం నాకు విలువైనదిగా కనిపిస్తుంది: అందులో ప్రభుత్వ వాటా ధనం ఉండదు, నియమావళిని సభ్యులే రాసుకుంటారు. (మా వంటి లెక్కలవాళ్లు ఎక్కడిదో నమూనా తెచ్చి అంటించడం వేరే సంగతి.) సమావేశం దీపాలు పెట్టాకే జరగాలన్న మాటను ఈసారి వారి చేతనే నియమావళిలో చేర్పించాను.