మా బడి ఆయమ్మలకు పనిబట్టలు కుట్టించిన నా అనుభవం

చెన్నైలో నేను ఆఫీసు పనులు చూసే బడిలో ఆయమ్మలు, వంటమనిషి, వాచ్‌మన్ కలిపి 14 మంది ఉన్నారు. దీపావళికి ఆడవారికి చీర, మగవారికి ప్యాంటు షర్టు గుడ్డ ఇవ్వడం మా ఆనవాయితీ. నిరుడు తుడుస్తున్న నేల మీద చీర కుచ్చిళ్ళు కాలికి చుట్టుకుని ఒక ఆయమ్మ బకెట్టుతో సహా జారిపడింది. పెద్ద దెబ్బ తగలలేదు కానీ, పనికి తగిన బట్టలు కుట్టించాలని ఆ సాయంత్రమే కమిటీకి అర్జీ రాశాను.

అనుమతి త్వరగానే వచ్చింది. తప్పు నేనే చేశాను. ఎవరినీ అడగకుండా ముదురు నీలం టెర్రీకాట్ చుడీదారు ఒకటి నమూనాగా కుట్టించి చూపించాను. అందరూ మౌనంగా ఉండిపోయారు. చివరికి నెల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్దామె, "ఈ వయసులో అది వేసుకొని మా వీధిలో ఎట్లా నడిచేది సార్?" అంది. నాకు నిజంగా సిగ్గువేసింది.

మర్నాడు మధ్యాహ్న భోజనాలయ్యాక వారితో గంటసేపు కూర్చున్నాను. వయసులో చిన్నవారు చుడీదారే కావాలన్నారు, పెద్దవారు మాత్రం చీర మీద తొడుక్కోవడానికి మోకాళ్ళ దాకా వచ్చే పొట్టిచేతుల కోటు చాలన్నారు. తాళాల గుత్తి నడుముకు, ఫోను జాకెట్లోకి దోపుకోవడం వల్ల ఫోను చెమటకు తడిసి పాడవుతోందని విన్నాక, మణికట్టు దాకా చెయ్యి దిగేంత లోతైన జేబులు రెండేసి పెట్టించాను. బ్లీచింగ్ పౌడరు పడితే నీలం రంగు మచ్చలు తేలుతుందని వారు చెప్పడంతో లేత బూడిద రంగుకు మారాము.

గుడ్డ గోడౌన్ స్ట్రీట్‌లో కొన్నాను. 67 శాతం పాలిస్టర్, 33 శాతం నూలు ఉండే టెర్రీకాట్ త్వరగా ఆరుతుంది కనుక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలుండే ఈ ఊళ్ళో తుడిచేవారికి అదే మేలు. పొయ్యి దగ్గర మంట అంటుకుంటే మాత్రం పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది కాబట్టి, వంటమనిషికి అచ్చమైన నూలు తీసుకుని, ఉతికాక కుంచించుకుపోకుండా కత్తిరించక ముందే రాత్రంతా నీళ్ళలో నానబెట్టించాను.

దర్జీ నిలబెట్టి కొలతలు తీసుకోవడంతో, బోర్డు పైభాగం తుడవడానికి చెయ్యెత్తగానే రెండు కోట్లకు చంకల దగ్గర కుట్లు విడిపోయాయి. చేతులు పైకెత్తించి మళ్ళీ కొలిపించి సరిచేయించాను. వాచ్‌మన్‌కు రెయిన్‌కోటు ఇంకా రాలేదు. వానలు మొదలయ్యేలోగా ఇప్పించమని మరో అర్జీ పెట్టాను.