డిసెంబరు ఎల్క్ ట్యాగ్‌కి ఏప్రిల్‌లో అప్లై చెయ్యాలా?

అమెరికాలోని కొలరాడోలో పెద్ద జంతువుల వేట లైసెన్సుల లాటరీకి, అంటే డ్రాకి, దరఖాస్తులు మార్చి 1న మొదలై, ఏప్రిల్ మొదటి మంగళవారంతో ముగుస్తాయి. డిసెంబరులోనో జనవరిలోనో జరిగే లేట్ సీజన్ ఎల్క్ (ఒక భారీ జింక) వేటకి కూడా అప్పుడే అప్లై చెయ్యాలి. ఎనిమిది నెలల తర్వాత కొండ మీద మంచు ఎంత ఉంటుందో ఎవరికీ తెలియదు, కానీ డబ్బు, సెలవులు, కొన్నిసార్లు ఏళ్ల తరబడి కూడబెట్టిన పాయింట్లు (డ్రాలో మొదటి ఛాయిస్ రాని ఏడాదికి ఒకటి చొప్పున చేరి, తర్వాత అవకాశం పెంచేవి) ఇప్పుడే పెట్టాలి. చాలామంది ముందుగా చూసేది ట్యాగ్ (ఒక జంతువుని వేటాడే లైసెన్సు) వచ్చే అవకాశం ఎంత అని. నన్నడిగితే అది ఆఖర్న చూడాల్సిన లెక్క. ముందు తేలాల్సింది వేరే ఉంది: మంచు పడినా, పడకపోయినా, ఆ వారంలో ఎల్క్ మనం అడుగు పెట్టగలిగే నేల మీద ఉంటుందా?

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఇలాంటి వేట ఊసే లేదు. అందుకని డెన్వర్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఇందులోకి దిగితే అక్షరాభ్యాసం నుంచి మొదలే. ఎల్క్ మన కణుజు కుటుంబానిదే, ఇంకా భారీది. ఆడది 500 పౌన్లు, మగది 700 పౌన్ల దాకా తూగుతుంది.

అందరూ తేలిగ్గా పొరబడే విషయం ఒకటుంది. చలికి ఎల్క్ కిందికి దిగదు, మంచుకి దిగుతుంది. దాని శీతాకాలపు బొచ్చుకి చలి ఒక లెక్క కాదు. కాలితో తవ్వి కింద గడ్డి అందుకోగలిగినంత కాలం ఉన్నచోటే ఉంటుంది. మంచు అడుగున్నర దాటాక తవ్వడం, నడవడం రెండూ భారమవుతాయి. పైన కరిగి మళ్లీ గడ్డకట్టి పెచ్చులా తయారైతే అంతకన్నా ముందే కదులుతుంది. ఆడవి, దూడలు, కుర్ర మగవి మందలుగా సేజ్‌బ్రష్, జూనిపర్ పొదల నేలకి దిగుతాయి. ముదురు మగవి అలా కాదు. సెప్టెంబరు ఎదకాలంలో తిండి మానేసి పోట్లాడి చిక్కిపోయి ఉంటాయి కాబట్టి, ఒంటరిగానో రెండు మూడు కలిసో, మంద వదిలేసిన లోతు మంచులోనే మేతా మరుగూ రెండూ దొరికే చిన్న చిన్న జాగాల్లో పడి ఉంటాయి.

మీకర్ పట్టణం దగ్గరి వైట్ రివర్ మందనే తీసుకోండి. రాష్ట్రంలో అతి పెద్ద ఎల్క్ మంద అదే. వేసవంతా ఫ్లాట్ టాప్స్ పీఠభూమి మీద, 10,000 అడుగుల ఎత్తున. మంచు ముదిరితే పడమరగా పిసియాన్స్ పల్లపు ప్రాంతం వైపు, 6,000 నుంచి 7,500 అడుగుల మధ్యకి. మంచు రాని ఏడాది మధ్యలో ఓక్ పొదలు, ఆస్పెన్ చెట్లు ఉన్న వాలుల్లో చెల్లాచెదురుగా ఆగిపోతాయి. మరీ ఎక్కువ పడిన ఏడాది నేరుగా రాంచ్‌ల (పశువుల పెంపక క్షేత్రాల) గడ్డివాముల మీదికి వస్తాయి. 2022–23 చలికాలం వాయవ్య కొలరాడోలో అలాంటిదే. మంచు పేరుకుపోయి జంతువులు బాగా దెబ్బతిన్నాయి, తర్వాతి సీజన్‌కి రాష్ట్ర వన్యప్రాణి శాఖ లైసెన్సులు బాగా తగ్గించింది. కాబట్టి పోయినేడు తేలిగ్గా వచ్చిన ట్యాగ్ ఈ ఏడు అలాగే వస్తుందన్న భరోసా లేదు.

దీనికి తోడు తుపాకుల ఒత్తిడి. లేట్ సీజన్ వచ్చేసరికి విల్లు, మజిల్ లోడర్ (గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకి), ఆపైన నాలుగు రైఫిల్ సీజన్లు అయిపోయి ఉంటాయి. కాల్పులు లేని చోటేదో ఎల్క్‌కి ఈపాటికే తెలుసు. ఆ చోటు ఎక్కువగా ప్రైవేటు రాంచే.

అందుకే ఏ లేట్ ట్యాగ్ చూసినా, ఇది ఎందుకు పెట్టారు అని ముందు అడగాలి. మందలో సంఖ్య తగ్గించడానికి యూనిట్ (వేట కోసం రాష్ట్రాన్ని విభజించిన ప్రాంతాల్లో ఒకటి) మొత్తానికి ఇచ్చిన ఆడ ఎల్క్ ట్యాగ్ ఒక రకం. గడ్డివాములు పాడవుతున్నాయని రైతుల కోసం పెట్టింది ఇంకో రకం. రెండోదాని పక్కన వేట నిబంధనల బ్రోషర్‌లో ప్రైవేటు భూమికి మాత్రమే అని రాసి ఉంటుంది. రాంచ్ యజమాని అనుమతి చేతిలో లేకుండా దానికి అప్లై చెయ్యడం దండగ. సున్నా పాయింట్లకే వస్తుంది మరి, ఎందుకు వస్తుందో ఆలోచించండి. ట్యాగ్ వచ్చాక తలుపులు తట్టి అడుగుదాంలే అనుకునేవాళ్లకి డిసెంబరులో దొరికేది చాలావరకు మర్యాదగా చెప్పిన 'కుదరదు' ఒక్కటే.

మ్యాప్ పని ఇలా చెయ్యండి. వన్యప్రాణి శాఖవాళ్ల హంటింగ్ అట్లాస్ ఉచితం. అందులో ఎల్క్ పొరలు మూడు ముఖ్యం. వింటర్ రేంజ్ అంటే పదిలో ఐదు మామూలు చలికాలాల్లో 90 శాతం జంతువులు ఉండే మేర. సివియర్ వింటర్ రేంజ్ అంటే పదిలో రెండు అతి గడ్డు చలికాలాల్లో 90 శాతం కుదించుకుపోయే మేర. వింటర్ కాన్సంట్రేషన్ ఏరియా అంటే చుట్టుపక్కల కన్నా మంద బాగా చిక్కగా ఉండే చోటు. వీటి మీద ప్రభుత్వ భూముల పొర వెయ్యండి. మూడు రకాల ఏళ్లకీ విడివిడిగా చూడాలి. మంచు బాగా పడితే సివియర్ పొరలో ప్రభుత్వ భూమి ఎంత? మామూలు ఏడాది కాన్సంట్రేషన్ ఏరియాలో ఎంత? పడకపోతే వింటర్ రేంజ్ పై అంచున, 8,000 అడుగుల పైబడి ఎంత? మూడింట్లో రెండు చోట్ల కనీసం నాలుగైదు చదరపు మైళ్లు ఒకే ముక్కగా కనిపిస్తేనే నేను ముందుకెళ్తాను. ప్రైవేటు భూమి మధ్య చిక్కుకున్న ముక్కల్నీ, మూలల దగ్గర మాత్రమే కలిసే గళ్లనీ లెక్కలోంచి తీసేయండి.

తర్వాత దారి. అక్టోబరులో కారు పోయే ఫారెస్ట్ రోడ్డు డిసెంబరులో గేటు వేసి ఉండొచ్చు. ఫారెస్ట్ సర్వీస్ మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్‌లో ఏ రోడ్డు ఏ తేదీ దాకా తెరిచి ఉంటుందో ఉంటుంది. కొన్ని వన్యప్రాణి ప్రాంతాల్ని చలికాలంలో జంతువుల కోసమే మూసేస్తారు, ఆ తేదీలు చూసుకోవాలి. కౌంటీ రోడ్ల ఆఫీసుకి ఫోన్ చేసి మంచు ఎక్కడి దాకా తీస్తారో అడగండి. తరచుగా చివరి రాంచ్ ఇల్లు దాకానే తీస్తారు. అక్కడి నుంచి వేటాడే చోటికి రెండు మైళ్లు దాటితే, మోకాలి లోతు మంచులో మాంసం మోసుకురావాలన్న సంగతి తలుచుకుని మరీ నిర్ణయించండి.

ఇక సక్సెస్ శాతాలు. రాష్ట్రం మొత్తం మీద ఎల్క్ వేటలో సుమారుగా ఐదుగురిలో ఒకరికి దొరుకుతుంది. కొన్ని లేట్ ట్యాగ్‌ల పక్కన 50, 60 శాతం చూసి మురిసిపోకూడదు. రాంచ్ అనుమతి ఉన్నవాళ్లూ, ప్రభుత్వ భూమిలో తిరిగినవాళ్లూ అదే అంకెలో కలిసిపోయి ఉంటారు. ఈ అంకెని నిజంగా వాడుకునే పద్ధతి వేరు. ఐదేళ్ల హార్వెస్ట్ రిపోర్టులు (ఎందరికి వేట దొరికిందో చెప్పేవి) తీసి, పక్కనే ఆ యూనిట్‌కి దగ్గరి స్నోటెల్ (ప్రభుత్వం మంచు కొలిచే) కేంద్రం సైట్‌లో అవే తేదీలకి మంచు లోతు ఎంతో రాసుకోండి. మంచు ఉన్న ఏళ్లలోనే శాతం లేచి, లేని ఏళ్లలో కుప్పకూలితే ఆ ట్యాగ్ పచ్చి జూదం. అంకె పెద్దది కాకపోయినా ఏటా నిలకడగా ఉంటే అదే నమ్మదగ్గది. ఒక సాయంత్రం పని ఇది. దరఖాస్తు మొత్తంలో ఇంతకన్నా విలువైన సాయంత్రం ఉండదు.

పాయింట్ల సంగతిలో కొలరాడో పద్ధతి లేట్ సీజన్‌కి బాగా కలిసొస్తుంది. దరఖాస్తులో నాలుగు ఛాయిస్‌లు ఉంటాయి. మొదటిది తగిలితేనే పాయింట్లు సున్నా అవుతాయి. రెండు, మూడు, నాలుగు తగిలినా పాయింట్లు కదలవు. అందుకని మొదటి ఛాయిస్‌గా ట్యాగ్ బదులు పాయింట్ మాత్రమే అడిగే కోడ్ (ఈ-పీ-999-99-పీ) పెట్టి, రెండో ఛాయిస్‌గా లేట్ ఆడ ఎల్క్ కోడ్ పెట్టడం తెలివైన పని. పోయినేటి డ్రా రిపోర్టులో ఆ కోడ్ రెండో ఛాయిస్‌కి మిగిలిందో లేదో చూస్తే చాలు. కోడ్ చదవడం కష్టం కాదు: మొదటి అక్షరం జంతువు, రెండోది మగా ఆడా, తర్వాత మూడంకెల యూనిట్, ఆపైన సీజన్ (ఎల్ అంటే లేట్), చివర ఆయుధం (ఆర్ అంటే రైఫిల్). ఒక్క అంకె తప్పినా వేరే కొండకి అప్లై చేసినట్టే. పక్కన లిస్ట్ బీ అని ఉంటే, అక్టోబరులో లిస్ట్ ఏ మగ ట్యాగ్ ఉన్నా ఇదీ తీసుకోవచ్చు. లేట్ ఆడ ట్యాగ్‌లు చాలావరకు లిస్ట్ బీ లోనే ఉంటాయి.

లేట్ మగ ట్యాగ్ కోసం పాయింట్లు ధారపోయడం మాత్రం నాకు నచ్చదు. కొమ్ములు పోట్లాటల్లో విరిగి ఉండొచ్చు, ఒంట్లో కొవ్వు ఉండదు, జంతువు చేరాల్సిన చోట నడుం లోతు మంచు. గుర్రాలో, స్నో షూలతో నాలుగు రోజులు తిరిగే ఒళ్లో ఉన్నవాళ్లకి తప్ప, అవే పాయింట్లు అక్టోబరు మధ్యలో వచ్చే మొదటి రైఫిల్ సీజన్‌కి వాడుకోవడం మేలు.

మాంసం కోసమైతే డిసెంబరు మొదటి సగంలో ఆడ ఎల్క్‌కి సాటి లేదు. వేసవి కొవ్వు ఇంకా ఉంటుంది, ఎముక తీసేశాక 120 నుంచి 160 పౌన్ల మాంసం వస్తుంది. తేదీలు ఎంచుకునే వీలుంటే జనవరి వద్దంటాను. సెప్టెంబరు, అక్టోబరులో కట్టిన చూలు అప్పటికి మూడు నెలలు దాటి ఉంటుంది, పొట్ట కోసినప్పుడు పిండం కంటబడుతుంది. దానికి మనసు సిద్ధంగా ఉండాలి. పైగా అప్పటికి మంద ఒంటి కొవ్వు కరిగించుకుంటూ బతుకుతోంది. దాన్ని అనవసరంగా పరిగెత్తిస్తే మిగిలినవాటికీ నష్టమే.

కాల్చే దగ్గర లేట్ సీజన్‌కి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. వంద తలలు ఒకే వాలు మీద ఉంటాయి, గుండు ఒకదాన్ని దాటి వెనకున్న రెండోదాన్ని కొడుతుంది. ఒక ట్యాగ్‌కి రెండు జంతువులు పడితే అది కేసు. అంతకన్నా ఘోరం, గాయపడి మందలో కలిసిపోయింది కనబడకపోవడం. పక్కకి తిరిగి, ముందూ వెనకా ఖాళీ ఉన్న ఆడది దొరికేదాకా ఆగాలి. ఎంత ఎదురుచూసినా మందలోకి కాల్చకూడదు. కాల్చాక అది కదలకుండా నిలబడినా, మందతో నడిచి వెళ్లిపోయినా తప్పిందనుకోవద్దు. నిలబడిన చోటికి వెళ్లి మంచు మీద రక్తం, వెంట్రుకలు వెతికాకే మాట్లాడాలి. ఎల్క్‌కి చట్టం అడిగే కనీసం .24 క్యాలిబర్, 85 గ్రెయిన్ల గుండు. చట్టానికి అది చాలు, చేతికి .270 గానీ .30-06 గానీ ఉండాలి.

రైఫిల్ బోల్ట్‌లో నూనె తుడిచేసి పొడిగా ఉంచండి, చలికి అది చిక్కబడి ఫైరింగ్ పిన్‌ని నెమ్మది చేస్తుంది. రాత్రి వెచ్చటి టెంట్‌లోకి తేవద్దు. ఆవిరి పట్టి, పొద్దున బయటికి తీయగానే గడ్డకడుతుంది. నీళ్ల సీసాలు తలకిందులుగా పెట్టుకోండి, మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు మిగులుతాయి.

చలి ఉంది కదా, మాంసానికేం కాదులే అనుకోవడం పెద్ద పొరపాటు. ఎల్క్ తోలు లోపలి వేడిని గంటల తరబడి పట్టి ఉంచుతుంది. బయట మైనస్ పదైనా తొడ ఎముక తుంటి దగ్గర కీలు చుట్టూ మాంసం పుల్లబడిపోతుంది. వెంటనే తోలు తీసి, వెనక తొడలు విడదీసి, ఆ కీలు తెరవాలి. ఇంకో వైపు, చచ్చాక కండ బిగుసుకోవడం పూర్తి కాకముందే ముక్కలు గడ్డకడితే మాంసం రబ్బరులా తయారవుతుంది. మొదటి రోజు ముక్కల్ని ఒకచోట చేర్చి, గుడ్డ సంచుల్లో, పైన టార్పాలిన్ కప్పి ఉంచండి. ఆడదని చూపే గుర్తు, పొదుగో జననాంగమో, ఒక తొడకి అంటి ఉండాలి. ఎముకతో వెనక తొడ ఒక్కోటి 50 పౌన్ల పైమాటే. ప్లాస్టిక్ స్లెడ్ నేరుగా కిందికి దిగే దారిలో బ్రహ్మాండంగా పని చేస్తుంది, వాలుకి అడ్డంగా లాగితే బోర్లా పడుతుంది. క్రానిక్ వేస్టింగ్ జబ్బు (జింకల మెదడుని దెబ్బతీసి చంపేది) పరీక్షకి తల ఇచ్చి, ఫలితం వచ్చేదాకా తినకండి. మెదడు, వెన్నుపాము జోలికి పోవద్దు.

ఒకటి మనవాళ్లకి మరీ ముఖ్యం. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. లైసెన్సు గడువు తీరాక కూడా తుపాకి ఇంట్లోనే ఉంటే ఆ మినహాయింపు పోతుంది, కాబట్టి అప్లై చేసేముందే లాయర్ని అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఆ క్లాసు చలికాలంలోనే పూర్తి చేసుకుంటే ఏప్రిల్‌లో హడావిడి ఉండదు.

ఇంత చూశాక కూడా ఎటూ తేలకపోతే, పోయినేటి లెఫ్టోవర్ (మిగిలిపోయిన లైసెన్సుల) జాబితా తీయండి. మీరు చూస్తున్న కోడ్ డ్రాలు అయ్యాక కూడా మిగిలిపోయి ఉంటే ఏప్రిల్‌లో తొందరపడక్కర్లేదు. జనం వెనక్కిచ్చిన లైసెన్సులు కూడా శరదృతువంతా విడతలుగా అమ్మకానికి వస్తుంటాయి. నవంబరు చివర్లో మంచు చూసుకుని, కౌంటీ రోడ్డు ఎక్కడి దాకా తెరిచి ఉందో కనుక్కుని, అప్పుడు కొనుక్కోవచ్చు.