పక్కింటి అరటాకు

"అది మీరేనా కోసింది?" అని కంచె అవతల నుంచి పక్కింటి పెద్దాయన అడిగారు. గొంతు పెంచలేదు గానీ, తిట్టినట్టే ఉంది.

నైట్ డ్యూటీ దిగి వచ్చాను. వినాయక చవితి కదా అని, మా పెరటివైపు వాలిన ఒకే ఒక్క ఆకు కోశాను. రావులపాలెం దగ్గర పుట్టినదాన్ని, అరటాకు కోయడానికి ఒకరిని అడగాలని తట్టనే లేదు. మన వైపు వాలిన కొమ్మ కొట్టుకోవచ్చు గానీ, కొట్టింది మాత్రం చెట్టుగలవాళ్ళదే అన్నది ఇక్కడ ఇంగ్లండులో పద్ధతి. వార్డులో తోటి నర్సు చెబితే తెలిసింది. అంటే నేను దొంగనే!

వారం రోజులు అదే మనసులో తిరిగింది. లీడ్స్‌లో ఆయన పెంచేది మూసా బాస్జూ. జపాన్ అరటి అంటారు గానీ దాని పుట్టిల్లు చైనా. దుంప చలికి ఓర్చుకుంటుంది, ఆకులు మాత్రం గట్టిగా మంచు పేరుకుంటే ఒక్క రాత్రిలో నల్లబడి వేలాడతాయి. అందుకని నవంబరులో ఆకులన్నీ తీసేసి, బోదె చుట్టూ కోళ్ళగూటి ఇనుప వల కట్టి, లోపల ఎండుగడ్డి కూరి, వాన నీళ్ళు దిగకుండా పైన మూత పెడతారు. చలితోపాటు తడి కూడా చేరితే కుళ్ళిపోతుందట. మళ్ళీ వేసవి దగ్గరపడ్డాకే విప్పడం. ఇంతా చేస్తే కాయల నిండా గింజలే, తినడానికి పనికిరావు!

మా ఇంట్లో అరటికి చాకిరీ ఎవరు చేశారు? స్నానాల నీళ్ళు పారేచోట పిలక పాతితే అదే పెరిగేది. గెల దించగానే బోదె నరికేవాళ్ళం, దూట కూరకి, డొప్పలు గేదెకి. అలాగని మాకు చెట్టు మీద ప్రేమ లేదంటే ఒప్పుకోను. అమ్మ ఏనాడూ మొవ్వాకు కోయనిచ్చేది కాదు. ఆయన చెట్టుకి దుప్పటి కప్పుతారు, మేం దాని ఆకులో అన్నం తింటాం. ఈ మాట ఆయనకి చెప్పలేదు. ఇంగ్లీషులో చెబితే సాకులా ఉంటుంది.

కార్తీకంలో ఓ సాయంత్రం తలుపు కొట్టారు. "రేపు గడ్డకట్టే చలట. ఇవాళే అన్నీ కోసేస్తున్నాను. మీకెన్ని కావాలి?"

ఏడు ఆకులు, గాలికి చిరగనివి ఏరి, న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చారు. మర్నాడు ఆఫ్. పులిహోర, పప్పు, వంకాయ కూర చేసి ఆయన్నీ పిలిచాం. చెంచా అడగలేదు, అవస్థపడ్డారు గానీ చేత్తోనే తిన్నారు.

మడిచిన ఆకులు తీయబోతుంటే, "పారేయకండి, చెట్టు మొదట్లో కప్పుతాను" అంటూ ఆయనే లేచారు. డెబ్భై దాటిన మనిషి, మా ఎంగిలాకులు! "అయ్యయ్యో, వద్దండీ" అని తెలుగులోనే అరిచాను. అప్పటికే పెరట్లో కుళాయి కింద ఒక్కొక్కటే కడుగుతున్నారు.