సవానా నుంచి క్లార్క్స్‌డేల్ దాకా పత్తి దారి

జార్జియాలో సవానా నది వెంట ఎగువకు కాస్త దూరం వెళితే పోర్ట్ వెంట్‌వర్త్ వస్తుంది. ఈలై విట్నీ 1793లో పత్తి జిన్ (గింజ నుంచి దూదిని వేరుచేసే యంత్రం) తయారుచేసిన మల్‌బెర్రీ గ్రోవ్ తోట ఆ దగ్గర్లోదే. అప్పటి ఇల్లు ఇప్పుడు లేదు. అందుకే యంత్రం పనితీరు అర్థం కావాలంటే మిసిసిపీ నది దాటి లూజియానాలోని ఫ్రాగ్‌మోర్‌కు వెళ్లాలి. పాత ఆవిరి జిన్ అక్కడ ఉంది. మేమూ అక్కడే ఎక్కువసేపు ఆగాం.

విట్నీ జిన్‌లో చెక్క రోలర్ నిండా తీగ కొక్కేలు ఉంటాయి. ఎదురుగా సన్నని చీలికలున్న పలక. కొక్కెం చీలికలోంచి దూదిని లాగుతుంది, గింజ పట్టక ఇవతలే రాలిపోతుంది. వెనక బ్రష్‌ల రోలర్ ఎదురు దిశలో మరింత వేగంగా తిరుగుతూ కొక్కేలకు అంటిన దూదిని ఊడుస్తుంది. ఆ బ్రష్ లేకపోతే కాసేపటికే యంత్రం మూసుకుపోతుంది. 1796లో హాడ్జెన్ హోమ్స్ తీగల బదులు రంపపు చక్రాలు పెట్టాడు. పత్తి తడిగా ఉంటే రంపాల దగ్గర ముద్దకడుతుంది. వేగం పెంచితే పింజ (దూది పోగు) తెగి చిన్న ఉండలు పడతాయి. రాయో ఇనుప ముక్కో తగిలి నిప్పురవ్వ లేస్తే దూది మొత్తం అంటుకుంటుంది. మన జిన్నింగ్ మిల్లుల్లో ఎక్కువగా కనిపించే డబుల్ రోలర్ జిన్ నిదానమే అయినా పింజను తెంపదు.

తీరప్రాంతంలో పండే పొడవు పింజ పత్తికి రోలర్ జిన్ ఎప్పటినుంచో సరిపోయింది. లోతట్టు పొలాల్లో పండే పొట్టి పింజ పత్తి గింజకు గట్టిగా అంటుకుని ఉంటుంది. చేత్తో ఒలిస్తే మనిషి రోజుకు ఒక పౌండు దూది తీసేవాడు. చేతితో తిప్పే జిన్ 50 పౌండ్ల దాకా తీసింది. కానీ గింజ తీయడం తప్ప మిగతా పనులేవీ తేలిక కాలేదు. దున్నడం, కలుపు తీయడం, కాయ కాయకూ వంగి ఏరడం అన్నీ చేతులతోనే. జిన్ ఎంత మింగితే అంత పత్తి ఏరే మనుషులు కావాల్సి వచ్చింది. శ్రమ తగ్గించే యంత్రం బానిసత్వాన్ని పెంచిందంటే కారణం ఇదే.

నదికి ఇవతల, మిసిసిపీ రాష్ట్రంలోని నాచెజ్‌లో ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ ఉంది. బానిసల సంత జరిగిన చోటు. నేల మీద కాంక్రీటులో సంకెళ్లు పొదిగి ఉంచారు. వంగి చూస్తే మణికట్టు కొలత తెలుస్తుంది. 1808లో బానిసల దిగుమతిని నిషేధించాక వర్జీనియా, మేరీలాండ్ పొగాకు తోటల వాళ్లు తమ దగ్గరి మనుషులను ఇక్కడికి అమ్మారు. గొలుసులతో కట్టి వందల మైళ్లు నడిపించి తెచ్చేవారు. 1790లో దేశంలో దాదాపు 7 లక్షల మంది బానిసలు ఉండగా, 1860కి దాదాపు 40 లక్షలయ్యారు. ఏరిన పత్తిని సాయంత్రం తూకం వేసేవారు, తగ్గితే కొరడా. విట్నీని కొలిచే చోట ఈ తక్కెడ గురించి కూడా చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

అక్కణ్నుంచి 61వ నంబరు హైవే మీద ఉత్తరానికి వెళితే క్లార్క్స్‌డేల్. ఊరి పక్కనే హాప్సన్ తోట. విత్తడం నుంచి బేలు కట్టేదాకా అన్నీ యంత్రాలతోనే చేసిన పత్తి పంట 1944లో ఇక్కడే వచ్చింది. జిన్ వచ్చిన 151 ఏళ్లకు గానీ ఏరే పని యంత్రం చేతికి రాలేదు. ఆ మధ్యలో అంతర్యుద్ధం జరిగింది, బానిసత్వం రద్దయింది. అయినా ఏరినవాళ్లలో ఎక్కువమంది ఆ బానిసల సంతతే, పాలుకు చేస్తూ అప్పుల్లోనే బతికారు. ఏరే యంత్రం వచ్చాక పని పోయిన వేలమంది షికాగో రైలెక్కారు.