జాజ్ తూగు మన హగణంలోనే ఉంది

అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి సొంతంగా జాజ్, పాప్ పాడదామని దిగే పిల్లల్లో చాలామందికి గొంతు అప్పటికే తయారై ఉంటుంది. మాస్టారి దగ్గర వర్ణాల దాకా వచ్చినవాళ్లే. తడబడేది స్వింగ్ దగ్గర.

స్వింగ్ అంటే ఒక బీటును మూడు పాళ్లు చేసి, మొదటి స్వరానికి రెండు, తర్వాతి దానికి ఒకటి ఇవ్వడం. ఛందస్సు చదివినవాళ్లకి ఇది గురువు, లఘువు. అంటే హగణం. రేవు, నావ, లాకు, పంటు, చేను, గట్టు: మన కాలవగట్ల మాటలే ఎన్ని ఉన్నాయో చూడండి! వీటిని మామూలుగా పలికినట్టే బీటు మీద పలికితే తూగు దానంతటదే వస్తుంది. పడవ, వరద లాంటి మూడు లఘువుల మాటలు, బీటుని మూడు సమాన పాళ్లు చేసే ట్రిపులెట్‌కి సరిగ్గా సరిపోతాయి.

చిక్కంతా రెండు లఘువుల మాటలతోనే. ‘పడు’ని బీటు మీద ఎత్తుకుంటే తూగు ‘ప’ని సాగదీసి ‘పాడు’ చేసేస్తుంది. ‘కల’ కాస్తా ‘కాల’ అవుతుంది. అందుకని మొదటి అక్షరాన్ని ముందు బీటు చివరి పాలులో వేసి, రెండోదాన్ని బీటు మీద దించాలి. మాట చివరి అచ్చు సాగినా మన చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. పాట వేగం పెరిగేకొద్దీ రెండు పాళ్లూ సమానానికి దగ్గరవుతాయి. నిమిషానికి 200 బీట్లు దాటాక కూడా హగణాన్నే పట్టుకు వేలాడితే పాట గెంతుతున్నట్టుంటుంది.

ఆది తాళంలో చెయ్యి 1, 5, 7 మీద పడుతుంది. జాజ్‌లో ఊపు 2, 4 మీద. 120 వేగం పాటకి మెట్రోనోమ్ (బీటుకి టిక్కుమనే యంత్రం) 60లో పెట్టి, ఆ టిక్కుల్ని 2, 4గా లెక్కపెట్టి పాడండి. కాసేపటికే టిక్కు 1 మీదికి జారిపోతుంది. జారినచోటే ఆపి మళ్లీ ఎత్తుకోవాలి, సర్దుకుపోకూడదు.

ఇక గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం. మనకి కింద షడ్జం కదలదు, జాజ్‌లో కార్డు (కలిపి మోగే స్వరాల గుంపు) మారిపోతూ ఉంటుంది. సి మేజర్‌లో డి మైనర్ సెవెంత్, జి సెవెంత్, సి అనే వరసను గ్రహభేదంలా, అంటే అవే స్వరాల్లో షడ్జాన్ని చోటు మార్చినట్టు, వినండి: ఖరహరప్రియ, హరికాంభోజి, శంకరాభరణం. జి సెవెంత్ మీద పాడే ఎఫ్, సి నుంచి చూస్తే శంకరాభరణంలోని శుద్ధ మధ్యమం. అలవాటుకొద్దీ దాన్ని ఊపామా, అది కిందున్న ‘ఈ’ (E) స్వరాన్ని, అంటే అంతర గాంధారాన్ని, ముందే తాకేస్తుంది. సి కార్డు వచ్చేసరికి దిగడానికి మెట్టు మిగలదు. నిటారుగా నిలిపి, చివర్లో మాత్రం కొంచెం వైబ్రాటో (సన్నని వణుకు) వెయ్యండి. శాస్త్రీయం నేర్చినవాళ్లకి జాజ్ రాదన్నది నేను ఒప్పుకోను. హిందుస్తానీ నేర్చిన ముంబయి గాయని ఆశా పుత్లీ, 1972లో వచ్చిన అమెరికన్ జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్మన్ రికార్డులో రెండు పాటలు పాడి, తర్వాత పాప్‌లోనూ నిలబడ్డారు.

మైకు నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, పైస్థాయికి వెళ్లేటప్పుడు జానెడు వెనక్కి తియ్యాలి. మరీ దగ్గరైతే కార్డియాయిడ్ (ముందు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకులో బేస్ ఉబ్బి మాట మసకబారుతుంది. జాలీని గుప్పిట్లో మూస్తే ఫీడ్‌బ్యాక్ కూస్తుంది.

ఇంట్లో రికార్డింగ్‌కి మన దగ్గర పెద్ద శత్రువు తేమ. వానాకాలంలో సున్నితమైన కండెన్సర్ మైకు చిటపటలాడుతుంది. వాడనప్పుడు మూత గట్టిగా పడే డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో దాచాలి. రాత్రి పంటకాలవ కప్పలు మొదలెడితే దూరపు చప్పుళ్లను తక్కువగా పట్టే డైనమిక్ మైకు పెట్టి, నోటికి దగ్గరగా పట్టుకుని, వెనకా పక్కలా బొంతలు వేలాడదియ్యండి.

విడుదలకి, పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ సంస్థ చాలు. ప్రతి రికార్డింగ్‌కీ దాన్ని గుర్తించే 12 అక్షరాలు, అంకెల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ ఉండాలి. స్పాటిఫైలో 12 నెలల్లో 1000 సార్లు వింటేగాని ఆ పాటకి డబ్బు లెక్కలోకి రాదు. మాటలు, బాణీ మీవైతే, రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీ వసూలు చేసే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో చేరండి. కీబోర్డు వాయించిన స్నేహితుడికి బాణీలో వాటా ఎంతో అప్‌లోడ్‌కి ముందే కాగితం మీద రాసుకోండి.