లింక్ ఎవరి చేతిలో ఉంటే వాడే కెప్టెన్

అరేనాలో ఒకదాన్నొకటి కొట్టుకునే పోరు రోబోలు చేసే ఇళ్లలో కొడుక్కి పన్నెండో పదమూడో ఏడు రాగానే నాన్న రిమోట్ వాడి చేతిలో పెడతాడు. "ఇక నువ్వే నడుపురా" అనేస్తే పగ్గాలు అప్పగించేసినట్టేనని చాలామంది అనుకుంటారు. నడపడం మూడు నిమిషాల పని. పోటీరోజు మిగతా పది గంటలూ రోబోను ఎవరు చూసుకుంటారు, ఎప్పుడు కరెంటివ్వాలో ఎవరు చెప్తారు, ఎప్పుడు చాలించాలో ఎవరు తేలుస్తారు అన్నదే నాయకత్వం. అది రిమోట్‌తో పాటు రాదు. రోబోలో ఇంకో చిన్న ముక్క ఉంటుంది, లింక్ అని. అప్పగించాల్సింది దాన్ని.

లింక్ అంటే చిటికెన వేలంత ప్లగ్. బ్యాటరీ తీగలకు వాడే ఎక్స్‌టీ30 కనెక్టర్ ఒకటి తీసుకుని దాని రెండు కాళ్లనూ పొట్టి వైరుతో కలిపి అతికిస్తారు. బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ తీగను మధ్యలో తెంపి, రోబో ఒంటి మీద బయటికి కనిపించేలా ఒక సాకెట్ పెడతారు. లింక్ అందులో గుచ్చితే రోబోకు ప్రాణం వస్తుంది, పీకేస్తే పోతుంది. చాలా పోటీల్లో ఇదో స్విచ్చో లేకపోతే తనిఖీ బల్ల దగ్గరే వెనక్కి పంపేస్తారు.

ఇంత చిన్న ముక్కకు ఇంత మర్యాద ఎందుకో లెక్క వేసి చూపిస్తే పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. బీటిల్‌వెయిట్ తరగతినే తీసుకుందాం, అంటే 3 పౌండ్ల (1.36 కిలోల) రోబోలు. ఆయుధంగా 20 సెంటీమీటర్ల పొడవు, 300 గ్రాముల బరువున్న ఉక్కు పట్టీ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతోందనుకోండి. దాంట్లో దాచుకున్న శక్తి సుమారు 350 జౌళ్లు. కిలో బాటును పన్నెండో అంతస్తు మీంచి వదిలితే నేలను ఎంత బలంగా తాకుతుందో అంత. పట్టీ కొసల వేగం గంటకు 300 కిలోమీటర్లు. చుట్లు సగానికి తగ్గిస్తే శక్తి సగమవదు, నాలుగో వంతవుతుంది. ఈ సంగతి వాడి చేతే కాగితం మీద వేయించండి. "జాగ్రత్తరా" అని వందసార్లు అనడం కన్నా ఆ ఒక్క లెక్క మేలు.

ఇక వరుస. అరేనాలో రోబోను పెట్టాక ముందు రిమోట్ ఆన్. తర్వాత లింక్. చిట్టచివరికి ఆయుధం తాళం తీయాలి. తాళమంటే పట్టీ తిరగకుండా అడ్డంగా గుచ్చే పిన్ను. బయటికి వచ్చి తలుపు మూసేదాకా రిమోట్ స్టిక్కుల మీద వేలు పడకూడదు. పోరు అయ్యాక ఇదే వరుస తలకిందులు: ఆయుధం పూర్తిగా ఆగాక తాళం, తర్వాత లింక్ పీకడం, ఆఖర్న రిమోట్ ఆఫ్. చాలామంది గెలిచిన సంబరంలో రిమోట్ ముందు ఆపేస్తారు. లింక్ ఇంకా లోపలే ఉంటుంది, రిమోట్ మాట వినే రిసీవర్‌కు సిగ్నల్ అందడం ఆగిపోతుంది, సిగ్నల్ తెగితే మోటార్లను ఆపేసే ఫెయిల్‌సేఫ్ సెట్టింగ్ సరిగా పెట్టకపోతే రిసీవర్ ఆఖరి ఆజ్ఞనే పట్టుకుని కూచుంటుంది. ఆ ఆజ్ఞ "తిరుగు" అయితే పక్కనున్న చెయ్యి సంగతి ఆలోచించండి.

కాబట్టి ఫెయిల్‌సేఫ్ పరీక్ష ప్రతి పోటీరోజూ పొద్దున్నే చేయాల్సిందే, నిన్న చేశాం కదా అంటే కుదరదు. ఆయుధం పట్టీ విప్పేసి, చక్రాలు గాల్లో ఉండేలా రోబోను దిమ్మె మీద పెట్టి, చక్రాలు తిరుగుతుండగా రిమోట్ ఆపేయాలి. చక్రాలు వెంటనే ఆగాలి. ఆయుధం మోటారుకూ అదే. రిసీవర్ మార్చినా, రిమోట్‌తో మళ్లీ జత (బైండ్) చేసినా ఈ సెట్టింగ్ చెరిగిపోవచ్చు, అందుకని ఆ రెండు పనుల తర్వాత మళ్లీ పరీక్షించాలి. ఈ పరీక్ష మీరు చేసి వాడికి చూపించడం కాదు. వాడు చేసి మీకు చూపించాలి. తనిఖీదారు ముందు మాట్లాడాల్సింది కూడా వాడే. నాన్న వెనకనుంచి అందిస్తుంటే అక్కడున్న వాళ్లందరికీ కెప్టెన్ ఎవరో తెలిసిపోతుంది.

బ్యాటరీల దగ్గర మాత్రం తొందర వద్దు. ఇది ఆఖర్న అప్పగించాల్సిన పని. నాలుగు సెల్లుల లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ ప్యాక్, పూర్తిగా నిండితే 16.8 వోల్టులు, అంటే సెల్లుకు 4.2. 650 ఎంఏహెచ్ ప్యాక్‌ను 1సి దగ్గర, అంటే గంటలో నిండే వేగంతో, ఛార్జ్ చేయడమంటే ఛార్జర్‌లో 0.65 ఆంపియర్లు పెట్టడం. పిల్లలు దశాంశం మర్చిపోయి 6.5 పెడతారు. ఛార్జర్ నోరు మూసుకుని ఇచ్చేస్తుంది, ప్యాక్ ఉబ్బుతుంది. సెల్లుల సంఖ్య తప్పు పెట్టడం ఇంకో పొరపాటు. అంచేత ప్రతిసారీ మూడు అంకెలు గట్టిగా చదివించండి: ఎన్ని సెల్లులు, ఎన్ని ఆంపియర్లు, ఇప్పుడు ఎన్ని వోల్టులు. చదివేవాడు ఒకడు, బటన్ నొక్కేవాడు ఇంకొకడు. ఛార్జ్ అవుతున్నంతసేపూ ఒక మనిషి పక్కనే ఉండాలి, ప్యాక్ నిప్పు తట్టుకునే సంచిలో ఉండాలి, ఇసుక బకెట్ చేతికందే దూరంలో ఉండాలి. టీకి వెళ్లాలంటే ఛార్జర్ ఆపి వెళ్లడమే.

దెబ్బ తిన్న ప్యాక్ గురించి వాడితో గొడవ తప్పకుండా వస్తుంది. "కొంచెం సొట్టేగా నాన్నా, ఇంకో మ్యాచ్ వస్తుంది" అంటాడు. సొట్టపడిన లైపో లోపల పొరలు ఒకదానికొకటి తగిలి ఉండొచ్చు, మంట అప్పుడే రాకపోవచ్చు, అరగంట తర్వాత రావచ్చు. దాన్ని బయట, కాలనిచోట విడిగా పెట్టాల్సిందే. ఎప్పుడు ఈ మాట మీకంటే ముందు వాడే అంటాడో అప్పుడు ఛార్జర్ బల్ల వాడికివ్వొచ్చు.

రెండు పోరుల మధ్య సాధారణంగా కనీసం 20 నిమిషాలిస్తారు. కెప్టెన్ పనంతా బయటపడేది అందులోనే. నిండడానికి ప్యాక్‌కు అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి మూడు ప్యాక్‌లు తప్పనిసరి: ఒకటి రోబోలో, ఒకటి నిండి సిద్ధంగా, ఒకటి ఛార్జర్ మీద. మొదటి రెండు నిమిషాలూ స్క్రూడ్రైవర్ పట్టుకోనివ్వకండి. చూడటం, ఊపడం, వాసన చూడటం మాత్రమే. చక్రాలను చేత్తో తిప్పితే గర్‌గర్ మంటే గేర్‌బాక్స్ పళ్లు విరిగినట్టు. మోటారు దగ్గర మాడిన వార్నిష్ వాసన వస్తే లోపలి తీగచుట్టలు కాలినట్టు, అది ఇంకా తిరుగుతున్నా సరే మార్చాల్సిందే. రోబో పోరు మధ్యలో ఉన్నట్టుండి ఆగి మళ్లీ బతికిందా? రేడియోను తిట్టే ముందు లింక్ సాకెట్‌లో వదులు, బ్యాటరీ దగ్గర అతుకు చూడాలి. బూడిద రంగులో, గరుకుగా గడ్డకట్టిన అతుకు సరిగా వేడెక్కని అతుకు. పైకి గట్టిగానే ఉంటుంది, దెబ్బకు ఊడుతుంది. బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసి అరేనాలో చచ్చిపోయే రోబోల్లో ఎక్కువ భాగం ఇలాంటి అతుకులవల్లే.

ఆ తర్వాత పని పంచాలి. విప్పేవాడు ఒకడు, ప్యాక్ మార్చేవాడు ఒకడు, స్క్రూలు లెక్కపెట్టేవాడు ఒకడు. ఇద్దరే ఉంటే లెక్క కెప్టెన్‌ది. తొమ్మిది స్క్రూలు విప్పితే తొమ్మిదీ ఎక్కాలి. లోపల మిగిలిపోయిన ఒక్క స్క్రూ మోటార్ల వేగాన్ని నడిపే స్పీడ్ కంట్రోలర్ బోర్డు మీద పడి షార్ట్ చేస్తే ఆ రోజుకు సెలవే. స్క్రూలు వదులవకుండా నీలం రంగు థ్రెడ్‌లాకర్ లోహానికి లోహం పట్టుకునే చోటే వాడాలి. పాలికార్బొనేట్ పలకకు అది తగిలితే పలక సన్నగా బీటలు వారి తర్వాతి దెబ్బకు గాజులా పగులుతుంది. ఈ తప్పు అనుభవమున్న పెద్దలు కూడా చేస్తారు. పిల్లలకు చెప్తే వాళ్లే పట్టిస్తారు, అప్పుడు వాళ్ల ముఖంలో వెలుగు చూడాలి.

నడపడం గురించి ఎక్కువ చెప్పను, అందరికీ ఇష్టమైన పని కాబట్టి అదే వస్తుంది. రెండు ఇటుకలు రెండు మీటర్ల దూరంలో పెట్టి, ఆయుధం విప్పేసిన రోబోతో ఎనిమిది అంకె చుట్టిస్తూ రోజుకు ఒక ప్యాక్ ఖాళీ చేయిస్తే చాలు. సగం సాధన బోర్లా పడ్డ రోబోతో చేయించాలి. తిరగబడితే ముందుకూ వెనక్కూ తారుమారవుతాయి, కుడి ఎడమ మలుపులు మాత్రం అలాగే ఉంటాయి. చాలామంది రెండూ మారతాయనుకుని గోడకు గుద్దుకుంటారు. నిలువుగా తిరిగే ఆయుధముంటే ఇంకో చిక్కు: పూర్తి వేగంలో గభాలున మలుపు తిప్పితే గైరోస్కోప్ ప్రభావంతో ఒక చక్రం లేచిపోతుంది. మలుపుకు ముందు ఆయుధం వేగం తగ్గించాలి, లేదా మెల్లగా తిరగాలి.

రూల్ పుస్తకం చదవడం కూడా కెప్టెన్ పనే. అమెరికాలో బ్యాటిల్‌బాట్స్ అనే టీవీ పోరు రోబోల పోటీలో హెవీవెయిట్ టైటిల్‌ను 2001లో గెలిచిన రోబో పేరు "సన్ ఆఫ్ వయాచీ", అంటే వయాచీ కొడుకు. అంతకుముందు అదే జట్టు దింపిన వయాచీకి వారసుడన్నమాట. ఫైనల్లో అది పడగొట్టింది బయోహజార్డ్‌ను, మామూలు రోబో కాదు. చక్రాల్లేకుండా కదిలే రోబోలకు ఎక్కువ బరువు అనుమతించే నిబంధన అప్పట్లో ఉండేది. వీళ్లు దాన్ని చదివి చక్రాలకు బదులు పాకే కాళ్లు పెట్టి, దక్కిన బరువును ఆయుధంలోకి పోశారు. తర్వాత ఆ తరహా కాళ్లకు ఆ వెసులుబాటు తీసేశారు. ఆ జట్టు ఎవర్ట్ కుటుంబానిది. తర్వాతి తరంలో జేక్ ఎవర్ట్ హైడ్రా అనే ఎత్తిపడేసే రోబోకు కెప్టెన్‌గా వచ్చాడు. తిరిగే ఆయుధం వదిలేసి వేరే దారి పట్టాడు చూడండి. కొడుకు మీ డిజైన్ వద్దంటే నొచ్చుకోకండి, అప్పగింత పనిచేస్తోందన్నమాటే.

అన్నిటికంటే కష్టమైనది చాలించడం. రోబో పొగ వదులుతోంది, ఒక చక్రమే ఆడుతోంది, ఇంకా నిమిషం ఉంది. ఓటమి ఒప్పుకుంటే విరిగింది చక్రమే, ఒప్పుకోకపోతే లోపలి స్పీడ్ కంట్రోలర్లు, రిసీవర్, ప్యాక్ అన్నీ పోవచ్చు, తర్వాతి మ్యాచ్ కూడా పోవచ్చు. ముందే ఒక గీత గీసుకోవాలి: పొగ కనిపిస్తే ఆపడం, ఆయుధమూ ఒక పక్క చక్రాలూ రెండూ పోతే ఆపడం. గీత వాడిదే, మాటా వాడిదే. నాన్న "ఇంకొంచెం లాగరా" అని పక్కనుంచి అనకూడదు. అవతలి రోబో కదలకుండా పడి ఉన్నప్పుడు వెనక్కి తగ్గి రిఫరీ పది లెక్కపెట్టేదాకా ఆగడం కూడా ఇందులో భాగమే. ఊరికే ఇంకో దెబ్బ వేస్తే పాయింట్లు పెరగవు, రోబోలు బాగుచేసుకునే పిట్‌లో పక్కబల్ల వాళ్లు స్పేర్ బెల్టు అడిగితే ఇవ్వరు.

అప్పగింతకు నాలుగు పోటీలు పట్టాలి. మొదటిదాంట్లో రిమోట్ వాడిది, లింక్ మీది. రెండోదాంట్లో పిట్ జాబితా, స్పేర్లు వాడివి: రెండు డ్రైవ్ మోటార్లు, ఒక ఆయుధం మోటారు, రెండు స్పీడ్ కంట్రోలర్లు, ఒక రిసీవర్, నాలుగు చక్రాలు, బెల్టులు, 2, 2.5, 3 మిల్లీమీటర్ల హెక్స్ డ్రైవర్లు. ఏదైనా మర్చిపోతే మీ సంచిలోంచి తీసివ్వకండి, పక్కబల్ల దగ్గరికి వాడే వెళ్లి అడుక్కోనివ్వండి. మూడోదాంట్లో రిమోట్ తిరిగి మీరు తీసుకోండి, కెప్టెన్ వాడు, వాడు చెప్పినట్టు నడిపే డ్రైవర్ మీరు. చాలామంది నాన్నలు ఆగిపోయేది ఇక్కడే, కొడుకు "ఆపు" అంటే వేళ్లు ఆగవు. నాలుగోదాంట్లో ఛార్జర్, లింక్ రెండూ వాడివి. లింక్‌కు ఎర్ర రిబ్బను కట్టి వాడి మెడలో వేయండి. మీరు రోబోలో చెయ్యి పెట్టాలంటే ముందు ఆ మెడ వైపు చూడాలి. రిబ్బను అక్కడ లేకపోతే చెయ్యి పెట్టకూడదు.

సాయంత్రం గెలిచినా ఓడినా సామాను సర్దే ముందు మూడు ప్యాక్‌లనూ స్టోరేజ్ మోడ్‌లో సెల్లుకు 3.8 వోల్టుల దగ్గరికి, అంటే 15.2కు తెచ్చి గానీ కారెక్కకూడదు. రోజుల తరబడి నిండుగా వదిలేస్తే ప్యాక్ పాడై ఉబ్బొచ్చు. వాడు అలసిపోయి "రేపు చేస్తా నాన్నా" అంటే మీరు చేసేయకండి. కారు తాళాలు జేబులోనే ఉంచుకుని పక్కన కూర్చోండి.