ఒక్క ధరకు మూడు సమయాలు

నిఫ్టీ ఆప్షన్ల (నిఫ్టీ షేర్ల సూచీపై ఆధారపడిన కాంట్రాక్టుల) ధరలను నిమిషానికొక క్యాండిల్‌గా, అంటే ఆ నిమిషంలోని మొదటి, చివరి, గరిష్ఠ, కనిష్ఠ ధరలను చూపే కడ్డీగా, పేర్చే చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను. ధరలు బ్రోకరు లైవ్ ఫీడ్ (ఎప్పటికప్పుడు ధరలు పంపే డేటా ప్రవాహం) నుంచి వస్తాయి. మొదటి రోజు చార్టు తెల్లవారుజామున 3:45కి మొదలైంది. మన మార్కెట్ తెరిచేది ఉదయం 9:15కి!

కారణం త్వరగానే తెలిసింది. నా ఫీడ్‌లో వచ్చేది 1970 జనవరి 1 నుంచి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం గడిచిన సెకన్ల లెక్క. మన సమయం దానికి ఐదున్నర గంటలు, అంటే 19,800 సెకన్లు ముందుంటుంది. తొందరపడి ప్రతి సంఖ్యకూ 19,800 కలిపేశాను. చార్టు కుదిరింది గానీ, ధర నాకు చేరడంలో ఆలస్యాన్ని కొలిచే భాగం పాడైంది. కూడిక తీసేసి, లోపల యూటీసీనే ఉంచి, తెర మీద చూపేటప్పుడే మార్చాను. మిల్లీసెకన్లలో పంపే ఫీడ్లూ ఉన్నాయి; వాటిలో పది అంకెలకు బదులు పదమూడు ఉంటాయి.

నన్ను వారం రోజులు తిప్పలు పెట్టింది మాత్రం ఇది కాదు. పెద్దగా లావాదేవీలు జరగని ఒక ఆప్షన్‌లో నిమిష నిమిషానికీ క్యాండిల్ ఏర్పడుతోంది. ముడి డేటా తెరిచి వరుసవరుసగా చదివాను. చివరి లావాదేవీ 11:02కి జరిగింది. ఆ తర్వాత మారినవి కొనుగోలు, అమ్మకం ఆర్డర్లు మాత్రమే. ఆర్డర్ మారినప్పుడల్లా ఫీడ్ కొత్త ప్యాకెట్ (ఒక విడత డేటా) పంపుతోంది, అందులో పాత ధరనే మళ్లీ మోసుకొస్తోంది. ప్యాకెట్ నా కంప్యూటర్‌కు చేరిన సమయాన్ని నేను లావాదేవీ సమయంగా రాసుకుంటున్నాను!

నిజానికి ఆ ప్యాకెట్‌లోనే చివరి లావాదేవీ సమయం, ఎక్స్ఛేంజ్ (స్టాక్ మార్కెట్) ఆ సమాచారానికి వేసిన సమయం విడివిడిగా ఉన్నాయి. చేరిన సమయం మూడోది, అది నా గడియారానిది. ఆ గడియారం మూడు సెకన్లు వెనకబడి ఉండడంతో కొన్ని ధరలు జరగకముందే చేరినట్టు కనిపించాయి. నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే ఎన్‌టీపీతో దాన్ని సరిచేశాను.

ఇప్పుడు క్యాండిల్‌ను లావాదేవీ సమయంతోనే కడుతున్నాను. ఫీడ్ ఇచ్చేది ఆ రోజు అప్పటిదాకా జరిగిన మొత్తం వాల్యూమ్ (చేతులు మారిన పరిమాణం) కాబట్టి, అది పెరిగితేనే కొత్త లావాదేవీగా లెక్కిస్తాను. 11:59:59 నాటి ధర 12:00 దాటాక చేరవచ్చు కనుక, నిమిషం ముగిశాక రెండు సెకన్లు ఆగి క్యాండిల్ మూస్తాను. నిఫ్టీ సూచీకి సొంత లావాదేవీలు ఉండవు గనుక దానికి ఎక్స్ఛేంజ్ సమయమే వాడతాను.

ఆ ఆప్షన్ చార్టులో 11:02 తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ ఖాళీని అలాగే ఉంచాను.